ఐదో చెయ్యి

ఆ బాంబర్ విమానాన్ని తయారు చేసినవాడెవడో గానీ, ఆడపిల్లలు దాన్ని నడుపుతారని కలలో కూడా అనుకుని ఉండడు. నేల మీద పరుగెత్తే విమానం తోక పైకి లేవాలంటే స్టీరింగును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ముందుకు నెట్టాలి. ఆరడుగుల మగవాళ్ళకే చెమటలు పట్టే పని అది. అగ్నియా బర్సుకోవా చూస్తే ఐదడుగులకు రెండు వేళ్ళు తక్కువ. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప ఆవిడ కాళ్ళు పెడళ్ళకు అందవు.

అందుకని ఆడవాళ్ళ రెజిమెంటులో వాళ్ళకు వాళ్ళే ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. విమానం పరుగందుకోగానే దారి చూపే నావిగేటర్ లేచి పైలట్ వెనక నిలబడుతుంది. ఆవిడ భుజాల మీదుగా చేతులు చాచి స్టీరింగు పట్టుకుంటుంది. "ఒకటి, రెండు, మూడు" అనుకుని ఇద్దరూ కలిసి నెడతారు. తోక లేస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పై అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

పక్క రెజిమెంటు మగవాళ్ళు మాత్రం ఊరుకుంటారా? భోజనాల పాక దగ్గర కనబడితే చాలు, "ఏమ్మా, ఇవాళ ఎన్ని చేతులతో ఎగిరారు?" అని మొదలుపెట్టేవారు.

"నాలుగు," అనేది అగ్నియా నావిగేటర్ రైసా. "మీకు రెండే చాలతాయిగా! మరి నిన్న వంతెన మీద వెయ్యమన్న బాంబులు చేపల నెత్తిన ఎందుకేశారు నాయనా?"

స్నేహితులు రాయా అని పిలిచే రైసాది ఉత్తరాన అడవి ప్రాంతం. నాన్నతో పాటు నదిలో దుంగలు తోసుకుంటూ పెరిగింది. ఆ చేతులు చూసే అగ్నియా ఆమెను ఏరి కోరి తన విమానంలోకి అడిగి తీసుకుంది. రెండేళ్ళుగా ఒకే దుప్పటి కింద పడుకుని, ఒకే గిన్నెలో జావ తాగి, ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేంత దగ్గరయ్యారు. విమానంలో మూడో మనిషి సానియా. వెనక తోక వైపు, వేరే అరలో, మర తుపాకీ ముందు ఒంటరిగా కూర్చునే కజాన్ ఊరి పిల్ల. పందొమ్మిదేళ్ళు. నోరు మూతపడదు.

పది రోజుల కిందట గతుకుల్లో దిగినప్పుడు అగ్నియా కుడి భుజం దేనికో గుద్దుకుని పట్టు తప్పింది. వాపు తగ్గింది గానీ చెయ్యి ఛాతీ ఎత్తు దాటి లేవడం మానేసింది. ఈ సంగతి రైసాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

"డాక్టరుకు చెబితే నన్ను నేల మీద కూర్చోబెడతారు," అంది అగ్నియా ఆ రోజు. "తొమ్మిది విమానాలకు ఉన్నదే తొమ్మిది మంది పైలట్లం. అదుగో, ఆ కొండలు దాటితే జర్మన్‌వాడి చేతిలో ఉన్న మా తమాన్. మా అమ్మ అక్కడుంది. బతికుందో లేదో కూడా తెలీదు. ఇంత దూరం వచ్చి ఇప్పుడు నన్ను గిన్నెలు తోమమంటావా?"

"నేనేమన్నానని!" అంది రైసా.

"నీ చేతులుంటే నడిపేస్తాను రాయా. ఒట్టు."

"మరి సానియాకు చెబుదామా?"

అగ్నియా తల అడ్డంగా ఊపింది. "వద్దు. వెనక ఒక్కతే కూర్చునేది అది. భయం పెట్టుకుని కూర్చుంటే తుపాకీ ఏం పేలుస్తుంది?"

రైసా ఒప్పుకుంది. పైలట్ చెయ్యి లేవదని తెలిసి రైసా ఎక్కుతోంది, అగ్నియా ఎక్కుతోంది. తెలియకుండా ఎక్కుతున్నది ఆ పిల్ల ఒక్కతే. దాని ప్రాణాన్ని దానికి చెప్పకుండా ఇద్దరూ కలిసి పందెం కాశారు. ఏ పేరు పెట్టుకున్నా అది మోసమే, రైసాకు ఆ సంగతి బాగా తెలుసు.

వారం వారం జరిగే పరీక్షలో డాక్టరు నలభై మందిని వరసలో నిలబెట్టి, కాగితంలోంచి తల ఎత్తకుండానే "చేతులు పైకి" అంది. రైసా వెనక నిలబడి, వదులు చొక్కా చాటున అగ్నియా మోచేతిని పైకెత్తి పట్టుకుంది. డాక్టరు టిక్కు పెట్టింది. అగ్నియా పెదవి కొరుక్కుంటే చుక్క రక్తం వచ్చింది. రెజిమెంటును నడిపే మేజరు ఎదురైతే సెల్యూట్ చెయ్యాల్సి వస్తుందని అగ్నియా ఎప్పుడూ కుడిచేతిలో ఏదో ఒకటి పట్టుకుని తిరిగేది, హెల్మెట్టో, మ్యాపుల సంచో. "బర్సుకోవా, నీకేమన్నా ఆ చేతిలో వస్తువు మొలిచిందా?" అని మేజరు ఒకసారి విసుక్కున్నాడు కూడా.

ఆ ఉదయం రైసా గుడారం ముందు కూర్చుని అగ్నియా జడ అల్లుతుంటే సానియా నవ్వుకుంటూ వచ్చింది.

"రాయా అక్కా, నువ్వు నావిగేటర్‌వా, పెళ్ళికూతురి తోడుపెళ్ళికూతురివా? రోజూ జడలేమిటి, బూట్లు తొడగడమేమిటి!"

"నోరు మూసుకుని ఇలా రా. మెడ చూపించు." రైసా ఆ పిల్ల కాలరు తిరగేసింది. సైన్యంలో ప్రతివాళ్ళూ పొద్దున్నే కాలరు లోపల కొత్త తెల్లపట్టీ కుట్టుకోవాలి. సానియా మూడు రోజులకోసారి కుట్టేది, అదీ తిట్లు తింటే. "ఛీ, ఛీ! పొయ్యి తుడిచే గుడ్డ నయం. ఇలాగే ఎగురుతావటే?"

"పైన జర్మన్‌వాడు నా కాలరు తిప్పి చూస్తాడా అక్కా?"

"నేను చూస్తాను. కదలకు." రైసా పాత పట్టీ చింపేసి, తెల్లదారం దొరక్క నల్లదారంతోనే కొత్తది కుట్టేసింది. అవతల మెకానిక్ దూస్యా కేకలేస్తోంది, తొందర. బెత్తెడేసి కుట్లు పడ్డాయి. సానియా మెడ తడుముకుని, "ఇదేం కుట్టు అక్కా, గోనెసంచి కుట్టినట్టు!" అంది. దారం కొరుకుతూ రైసా ఆ పిల్ల మొహం ఒకసారి చూసింది. చెప్పేద్దామా అనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో సానియా, "దూస్యాతో చిన్న పనుంది, మీరు రండి," అని పరుగెత్తింది.

పది గంటలకు తొమ్మిది విమానాలు లేచాయి. మేజరు ముందు. మూడేసి చొప్పున మూడు వరసలు. అగ్నియాది ఆఖరి వరసలో ఎడమ కొస. అందరికంటే ముందు దెబ్బ తినే చోటు అది. "ఒకటి, రెండు, మూడు" అని నాలుగు చేతులూ నెట్టినప్పుడు, అందులో బలం మూడింటిదేనని రైసా భుజాలకు తెలిసింది.

పని మామూలుదే. కొండ వెనక జర్మన్ ఫిరంగులు. మబ్బు దాటేసరికి తోడు రావలసిన తమ ఫైటర్ విమానాలు ఎటు పోయాయో కనబడలేదు. మేజరు వెనక్కి తిరగలేదు. తొమ్మిది విమానాలూ ఫిరంగుల మీదికి వెళ్ళాయి, బాంబులు వేశాయి, తిరిగాయి. అప్పుడు వచ్చాయి సూర్యుడిలోంచి ఎనిమిది జర్మన్ ఫైటర్లు.

బాంబర్లకు అప్పుడు ఉండేది ఒకటే దారి. ఎవరికి ఏమైనా వరస విడిపోకూడదు. రెక్కకు రెక్క ఆనించుకుని ఎగిరితే తొమ్మిదింటి తుపాకులూ ఒకదాన్నొకటి కాస్తాయి. విడిపోయినవాడు అయిపోయినట్టే. రైసా వెనక్కి తిరిగి, పైలట్ సీటు వెనకే ఉన్న పై తుపాకీ పట్టుకుంది. పైనుంచి వచ్చేవాళ్ళు ఆమె వంతు, కిందనుంచీ వెనకనుంచీ వచ్చేవాళ్ళు సానియా వంతు.

"రండి నాయనా రండి, వరసలో రండి!" హెడ్‌ఫోనులోంచి చెవిలో సానియా గొంతు. "రాయా అక్కా, నీ నెత్తిన రెండు!"

రైసా పేల్చింది. ఒకటి పక్కకు తొలగిపోయింది. రెండోది తొలగలేదు. గాజు పగిలి ముక్క ఒకటి ఆమె చెంపలో దిగింది. విమానం ఒక్క కుదుపు కుదిపి ఎడమ పక్కకు వాలిపోసాగింది. ఎడమ ఇంజన్ నల్లగా పొగలు కక్కి ఆగిపోయింది.

ఒక్క ఇంజన్‌తో ఆ విమానాన్ని తిన్నగా పట్టి ఉంచడం రెండు మంచి చేతులున్నవాడికే గగనం. అగ్నియా పళ్ళ బిగువున పట్టుకుంది. కుడిచెయ్యి జారింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. పక్క విమానం రెక్క దూరమైపోతోంది.

"రాయా!" అంది అగ్నియా. అంతకంటే ఏమీ అనలేదు.

తుపాకీ వదిలితే పైనుంచి దిగేవాళ్ళను ఆపేవాళ్ళుండరు, ఆ బుల్లెట్లన్నీ ముందు తగిలేది వెనక అరకే. వదలకపోతే విమానమే ఉండదు. ఆలోచించడానికి టైము లేదు. తుపాకీ వదిలేసి, సీటు వెనకనుంచి వంగి, రెండు చేతులూ స్టీరింగు మీద వేసింది. నాలుగు చేతులూ కలిసి లాగాయి. పక్క విమానం రెక్క మెల్లిగా దగ్గరకొచ్చింది.

అప్పుడే ముందున్న మేజరు వేగం తగ్గించాడు. ఒంటి ఇంజన్‌తో కుంటుకుంటూ వస్తున్న ఒక్క విమానం కోసం ఎనిమిది విమానాలూ వేగం తగ్గించాయి. ఫైటర్లు వెంటపడుతుంటే వేగం తగ్గించడమంటే ఏమిటో ఎగిరినవాళ్ళకే తెలుస్తుంది. ఒక్కరు కూడా ముందుకు పోలేదు. రైసా కళ్ళు చెమర్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"సానియా," అని అరిచింది, "నేను తుపాకీ దగ్గర లేను! వింటున్నావా? పైన ఎవరూ లేరు!"

"ఉన్నాగా అక్కా," అంది సానియా. గొంతులో ఆశ్చర్యమేమీ లేదు. "మీ పని మీరు చూసుకోండి."

తర్వాత చెవిలో గరగర, ఆపైన ఏమీ లేదు. తీగ తెగిపోయింది.

ఇక మిగిలింది దీపం. పైలట్ ముందు పలకమీద చిన్న పచ్చదీపం ఒకటుంది, దాని మీట వెనక సానియా దగ్గర, నొక్కి పట్టినంతసేపే వెలుగుతుంది. మాట పోతే దీపం. ఒకసారి వెలిగి ఆరితే "ఈ దాడి అయిపోయింది, నేను బాగున్నాను" అని అర్థం. ఎంతసేపటికీ వెలగకపోతే గన్నర్ లేనట్టు. అప్పుడు నావిగేటర్ అన్నీ వదిలి పై తుపాకీ దగ్గరకు పోవాలి. ముగ్గురూ అనుకున్న ఒప్పందం అది.

వెనక తుపాకీ మోత మొదలైంది. ఆ మోత విమానం ఎముకల్లోంచి రైసా చేతుల్లోకి వచ్చేది. ఆగింది. దీపం వెలిగి ఆరింది.

"ఉంది," అంది రైసా.

మళ్ళీ మోత. ఈసారి చాలాసేపు. ఒక జర్మన్ ఫైటర్ పొగ తోకతో పక్కనుంచి కిందికి పోవడం అగ్నియా చూసింది. దీపం వెలిగి ఆరింది.

"దీని బుల్లెట్లు ఇంకా అయిపోలేదేమిటే!" అంది అగ్నియా. చెమట ఆవిడ కనుబొమ్మల మీదినుంచి కారుతోంది. "ఈపాటికి పెట్టె ఖాళీ కావాలే."

మూడోసారి మోత వచ్చింది, మధ్యలో దబదబమని వేరే చప్పుడు, విమానం తోక అదిరిపోయింది. మోత ఆగింది. ఇద్దరూ దీపం వైపే చూస్తున్నారు. వెలగలేదు. రైసా మనసులో లెక్క పెడుతోంది. ఇరవై. ముప్పై. వెలగలేదు.

"వెళ్ళనా?" అంది రైసా. చేతులు వదులైపోతున్నాయి. విమానం అప్పుడే ఎడమకు వాలడం మొదలుపెట్టింది. "అగ్నియా, వెళ్ళనా?"

అగ్నియా జవాబు చెప్పేలోగా దీపం వెలిగింది. వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయింది.

రైసా ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, "దొంగముండ! మీట మీద మోచెయ్యి ఆనించి కూర్చుంది! దిగాక దీని చెవి మెలిపెడతాను చూడు!" అంది. అగ్నియా కూడా నవ్వింది. మళ్ళీ నాలుగు చేతులూ బిగుసుకున్నాయి.

ఆ తర్వాత ఫైటర్లు రాలేదు. వాళ్ళ పెట్రోలు అయిపోయిందో, ఓపిక అయిపోయిందో. పదిహేడు నిమిషాలు. కుబాన్ నది, చెర్రీ తోటలు, ధూళి రేగుతున్న బాటలు కిందనుంచి వెళ్ళాయి. పదిహేడు నిమిషాలూ ఆ పచ్చదీపం వెలుగుతూనే ఉంది. దాన్ని చూసుకుంటూనే ఇద్దరూ ఎయిర్‌ఫీల్డు దాకా వచ్చారు, చక్రాలు దించారు, నేలకు తగిలించారు. విమానం గడ్డిలో సగం గుండ్రంగా తిరిగి ఆగింది.

"సానియా!" రైసా మూత తోసుకుని కిందికి దూకింది. "దిగవే! చెవి ఇలా పట్రా!"

దూస్యా అప్పటికే వెనక అర తలుపు తెరిచింది. తెరిచి, అక్కడే నిలబడిపోయింది.

సానియా తుపాకీ మీదికి వాలి ఉంది, నిద్రపోయినట్టు. ఎడమచెయ్యి భుజం కింద నుజ్జయిపోయింది. చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది. లోపలి తెల్లపట్టీ లేదు. అది మీట చుట్టూ ఉంది. మూడు చుట్లు, గట్టిగా లాగి, ముడి వేసి. ముడి మీద పంటిగాట్లు. ఒక చెయ్యీ పళ్ళూ ఉన్న మనిషి వేసిన ముడి అది. సగం తెల్లగా, సగం ఎర్రగా ఉన్న ఆ గుడ్డ అంచున బెత్తెడేసి నల్లటి కుట్లు ఇంకా వేలాడుతున్నాయి.

రైసా ఆ కుట్లు చూసింది. తను వేసినవే. దీపం ఆరిపోతే తను స్టీరింగు వదిలేస్తుందని, వదిలితే విమానం పడిపోతుందని ఆ పిల్లకు తెలుసు. తను ఇక ఎంతోసేపు బతకనని కూడా ఆ పిల్లకు తెలుసు. అందుకే దీపం ఆరకుండా కట్టేసి పోయింది.

డాక్టరు వచ్చి చెయ్యి పట్టి చూసి, వదిలేసింది. ప్రాణం పోయి చాలాసేపైందని చెప్పింది. రైసా వినలేదు. పైన తను చెవి మెలిపెడతానంటూ నవ్విన నవ్వే ఆమె చెవుల్లో మోగుతోంది.

మేజరు తన విమానం దిగి నేరుగా ఇటే వచ్చాడు. తొమ్మిది వెళితే తొమ్మిదీ వచ్చాయి. వెనక అరలోకి చూసి, టోపీ తీసి, కాసేపు నిలబడి, మళ్ళీ పెట్టుకున్నాడు. అగ్నియా వైపు తిరిగాడు. ఇవాళ ఆవిడ చేతిలో ఏ వస్తువూ లేదు. సెల్యూట్ చెయ్యాలి. ఆవిడ కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. అలవాటుగా రైసా చెయ్యి ఆవిడ మోచేతి కిందికి పోయింది. పోయి, వెనక్కి వచ్చేసింది.

"లేవదు, కామ్రేడ్ మేజర్," అంది రైసా. "పది రోజుల నుంచీ లేవదు. నాకు తెలుసు. డాక్టరు ముందు నేనే ఎత్తి పట్టుకున్నాను. ఇవాళ పై తుపాకీ వదిలింది అందుకే."

"తప్పు నాది," అంది అగ్నియా. "నేనే చెప్పనివ్వలేదు."

డాక్టరు మొహం పాలిపోయింది. మేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపంతో దవడ బిగుసుకుంది. కేక వెయ్యలేదు. వేసినా బాగుండేది.

"ఆ పిల్లకు తెలుసా?" అన్నాడు, వెనక అర వైపు తల తిప్పకుండానే.

రైసా నోరు తెరిచింది. "చెప్పలేదు. దానికి మేం... చెప్పలేదు."

"తెలుసు," అంది ఎవరో.

దూస్యా. చేతులు రెండూ నూనె మరకల చొక్కాకు తుడుచుకుంటూనే ఉంది, అవి ఎప్పటికీ శుభ్రం కానట్టు.

"వారం కిందటే కనిపెట్టింది. అగ్నియా ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం చూసి. నాతోనే అంది. డాక్టరు చెవిన వెయ్యమన్నాను. వెయ్యలేదు. పొద్దున పరుగెత్తుకుంటూ వచ్చి ఇంకో రెండు పెట్టెల బుల్లెట్లు అడిగింది. బరువెక్కువవుతుందే అన్నాను. 'ఇవాళో రేపో పై తుపాకీ మూగబోతుంది దూస్యా,' అంది. 'ముందున్న నాలుగు చేతులూ స్టీరింగుకే సరిపోతాయి. వెనకనుంచి ఐదో చెయ్యి సాయం ఉండాలిగా' అంది. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. తనకు తెలుసని మీకు తెలిస్తే మీరు ఎగరడం మానేస్తారట."

అగ్నియా గడ్డిలో కూలబడి, ఎడమచేత్తో మొహం కప్పుకుంది.

దూస్యా జేబులోంచి చాకు తీసి, మీట దగ్గర ముడి కొయ్యడానికి వెనక అరలోకి వంగింది. రైసా ఆమె మణికట్టు పట్టుకుంది.

"కొయ్యకు. నేను కుట్టిన పట్టీ. నేను విప్పుతాను."

ముడి బిగుసుకుపోయింది. రెండు చేతులతో ఎంతసేపు ప్రయత్నించినా రాలేదు. చివరికి రైసా వంగి, సానియా పళ్ళు పట్టిన చోటే తన పళ్ళు ఆనించి లాగింది. ముందు పలకమీద దీపం అప్పుడు ఆరింది.